కాస్త ఇది పట్టుకోండి

ఆ ఇంటికి ఖాళీ చేతులతో వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు గాని, ఖాళీ చేతులతో కూర్చున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. గుమ్మంలో చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టేలోపే పెద్దాయన ఎదురొచ్చి, "రండి రండి, సమయానికి వచ్చారు. కాస్త ఇది పట్టుకోండి" అనేవాడు. ఆ 'ఇది' ఒక వైరు కావచ్చు, బల్బు కావచ్చు, పాత ఫ్యాను రెక్క కావచ్చు, మూత ఊడదీసిన రేడియో కావచ్చు. ఏదైనా సరే, పట్టుకోవడం వచ్చినవాళ్ళ వంతు, వదలమనడం పెద్దాయన వంతు. మొదటిది క్షణంలో అయ్యేది. రెండోది ఎప్పుడు అవుతుందో పైవాడికి కూడా తెలిసేది కాదు.

వీధిలో ఆయన అసలు పేరు అందరూ మర్చిపోయి చాలా కాలమైంది. అందరికీ ఆయన పట్టుకోండిగారే. "పట్టుకోండిగారి ఇల్లెక్కడ?" అని ఎవరైనా అడిగితే, "తిన్నగా వెళ్ళండి. వెళ్ళడం తేలికే, రావడమే ఆలస్యం" అని దారి చెప్పేవాళ్ళు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన తపాలా ఆఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టాడు. కరెంటు పనులు అప్పట్లో ఆదివారాల పిచ్చి. రిటైరయ్యాక వారమంతా ఆదివారమే అయింది. వంటింటి పక్క గదిలో ఒక పెద్ద బల్ల, దాని మీద చచ్చిపోయిన టీవీలు, సగం చచ్చిన మోటార్లు, ఇంకా చావని ఆశలు. దాన్ని ఆయన వర్క్‌షాప్ అనేవాడు. ఆయన భార్య పాత సామాన్ల కొట్టు అనేది.

ఆ గదిలోంచి బయటికొచ్చిన వస్తువులన్నీ పనిచేసేవి. అదే చిక్కు. నీళ్ళ ట్యాంకు నిండితే చెప్పే అలారం ఒకటి చేశాడు. దానికి ఎక్కడో దొరికిన ఏడుపు బొమ్మ స్పీకరు తగిలించాడు. ట్యాంకు నిండినప్పుడల్లా పసిపాప కేర్‌మని ఏడ్చేది, చుట్టుపక్కల తల్లులందరూ గరిటెలు వదిలేసి వాళ్ళవాళ్ళ పిల్లల దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. చప్పట్లు కొడితే వెలిగే లైటు ఒకటి చేశాడు. అది చప్పట్లకి వెలిగేది, మూత కింద పడితే వెలిగేది, ఇల్లాలు తుమ్మితే ఆరిపోయేది.

"పెళ్ళిలో నా చెయ్యి పట్టుకున్నదే, ఆయన సొంతంగా పట్టుకున్న ఆఖరి వస్తువు. ఆ తర్వాత అన్నీ నాచేతే పట్టించారు" అనేది ఆవిడ, తుమ్మి చీకటి చేసుకున్నాక.

కోడలికి ఆ ఇంట్లో దొరికిన మొదటి పలకరింపు కూడా అదే. పెళ్ళయి, కొత్త బట్టల్లో, బెరుగ్గా గుమ్మంలో నిలబడితే పెద్దాయన గదిలోంచి పరుగున వచ్చాడు.

"వచ్చావా తల్లీ! చల్లగా ఉండు. కాస్త ఇది పట్టుకో" అని చేతిలో టార్చిలైటు పెట్టాడు.

ఆ పిల్ల బల్ల కింద చతికిలబడి, పెద్దాయన ఎటు వేలు చూపిస్తే అటు వెలుగు కొట్టింది. ఆమె మొగుడు వంగి చూసి, "చెప్పాను కదా, మా నాన్నకి చిన్న అలవాటుందని" అన్నాడు.

"చెప్పారు. కాఫీ ఎక్కువ తాగుతారేమో అనుకున్నాను" అంది ఆమె.

అలా మొదలైన కాపురం. ఆమె పగలు కళ్ళద్దాల షాపులో పనిచేసేది. సాయంత్రం ఇంటికొస్తే, సంచీ దించకముందే చేతిలో ఏదో ఒకటి పడేది. మొదట్లో చిరాకు పడింది, తర్వాత అలవాటు పడింది, ఆ తర్వాత ఇతరులు ఇరుక్కుంటుంటే చూసి నవ్వుకోవడం కూడా నేర్చుకుంది.

నవ్వుకోవడానికి ఆ ఇంట్లో కరువు లేదు. పార్సిల్ తెచ్చిన మనిషి ఒకసారి సంతకం అడిగితే, "సంతకం ఎక్కడికి పోతుంది, ముందు ఇది పట్టుకో" అని మోటారు అప్పగించాడు పెద్దాయన. పొద్దు వాలేసరికి వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వెతుక్కుంటూ వచ్చి, వరండాలో ఉన్న సంచీలోంచి ఎవరి పార్సిల్ వాళ్ళు ఏరుకుపోయారు. ఆ మర్నాటినుంచీ ఆ మనిషి గేటు దాటి లోపలికి రాలేదు. బయటినుంచే విసిరేవాడు. దాన్ని పట్టుకోవడానికి పెద్దాయన వాకిట్లో ఇంకో మనిషిని నిలబెట్టేవాడు.

అత్తగారికి జ్వరం వస్తే చూడ్డానికి డాక్టరు ఇంటికొచ్చాడు. ఒక చేతిలో ఆవిడ నాడి, ఇంకో చేతిలో పెద్దాయన వైరు.

"ఇందులో కరెంటు లేదు కదండీ?" అన్నాడు డాక్టరు, చూపు నాడి మీద నిలవక.

"లేదండీ. ఉంటే నాకంటే ముందు మీకే తెలుస్తుంది" అన్నాడు పెద్దాయన, ధైర్యం చెబుతున్నట్టు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా డాక్టరు ఫోన్‌లోనే మందులు చెప్పేవాడు.

ఎదురింటి అన్నదమ్ముల సంగతి ఇంకా బాగుంటుంది. మధ్యగోడ గురించి మాటా మాటా వచ్చి, ఇద్దరూ ఎదురుపడితే ఆకాశం వంక చూసుకుంటూ పోయేవాళ్ళు. ఒకరోజు పెద్దాయన పెరట్లో ఏదో వైరు లాగుతూ అన్నని పిలిచి ఒక కొస ఇచ్చాడు. ఆ కాసేపటికి తమ్ముణ్ణి పిలిచి రెండో కొస ఇచ్చాడు. ఎవరు వదిలినా పొద్దుటినుంచీ పడ్డ పాటు గంగలో కలిసినట్టే.

"పెద్దాయనా, ఆ కొసన ఉన్నవాణ్ణి కాస్త బిగించి పట్టుకోమనండి" అన్నాడు అన్న.

"ఇక్కడ బిగువుగానే ఉంది, అక్కడే వదులైపోతోందని చెప్పండి" అన్నాడు తమ్ముడు.

పెద్దాయన "ఊఁ... ఊఁహూఁ" అన్నాడు. నోటినిండా స్క్రూలు పెట్టుకున్నాడు మరి. కబురు మోసేవాడు లేకపోయేసరికి అన్నదమ్ములు కాసేపు గుడ్లు మిటకరించుకున్నారు.

"నువ్వే వదులుగా పట్టుకున్నావురా!"

"నువ్వు లాగితే కదా నేను బిగించేది!"

అలా తిట్టుకుంటూ మొదలుపెట్టి, గోడ దాకా వెళ్ళి, చిన్నప్పటి గాలిపటాల దాకా వెళ్ళి, ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు నొక్కుకుంటూ ఇంటికి పోయారు. అప్పుడు పెద్దాయన స్క్రూలు డబ్బాలో ఉమ్మి, "వీళ్ళ గోల పడలేక చస్తున్నాను, వైరు మాత్రం పడింది" అన్నాడు. ఇదంతా గుడ్డివాటంగా జరిగిందనే కోడలు అనుకుంది.

ఇలా ఉండగా కోడలి తండ్రి ఆ ఇంటికి వచ్చాడు.

ఆయన దుకాణాలకీ, బళ్ళకీ బోర్డులు రాసే మనిషి. స్కేలు లేకుండా గీత గీస్తే దాని మీద గోళీ పెట్టినా దొర్లదని చెప్పుకునేవాళ్ళు. అలాంటి చేతికి వణుకు పట్టుకుంది. మొదట అక్షరాల తోకలు వంకర పోయాయి, తర్వాత గీతలు పోయాయి, చివరికి ఆయనే రంగుల డబ్బాలకి మూతలు బిగించి అటక మీద పెట్టేశాడు. మందులతో వణుకు తగ్గింది గాని పోలేదు. అప్పటినుంచీ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని తిరగడం అలవాటు చేసుకున్నాడు. ఒంటరిగా ఉంటున్న తండ్రిని కూతురు పట్టుబట్టి తన దగ్గరికి రప్పించుకుంది.

ఆయన వచ్చే ముందురోజు ఆమె మామగారి గదికి వెళ్ళింది.

"మామయ్యగారూ, ఒక్క మాట."

"చెప్పమ్మా. కాస్త ఇది పట్టుకుని చెప్పు."

ఆమె పట్టుకునే చెప్పింది. "రేపు మా నాన్న వస్తున్నారు. ఎవరైనా చూస్తుంటే ఆయన చేతులు ఇంకా ఎక్కువ వణుకుతాయి. మీకు దండం పెడతాను, ఆయనకి మాత్రం ఏదీ పట్టుకోమని ఇవ్వకండి."

"ఛ ఛ, నాకామాత్రం తెలీదా? మాటిస్తున్నాను. ఏదీ, నా తల్లివి కదూ, ఆ రెండో కొస కూడా పట్టుకో."

తండ్రి వచ్చాక కూతురు ఆయన్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంది. గ్లాసు సగమే నింపి ఇచ్చేది. పండు ముక్కలు కోసి నోటి దగ్గరికే తెచ్చేది. చొక్కా గుండీలు తనే పెట్టేది. ఆయన పేపరు మడత పెట్టబోతే, "నువ్వుండు నాన్నా" అని లాక్కునేది. కుర్చీ జరపబోతే, "నువ్వుండు నాన్నా" అని జరిపేసేది. ఉండమన్నందుకు ఆయన ఉన్నాడు. పొద్దున్న కిటికీ పక్కన ఉన్నాడు, మధ్యాహ్నం కిటికీ పక్కన ఉన్నాడు.

మాటిచ్చిన పెద్దాయన అవస్థ చూసి తీరాలి. చేతిలో వైరు పుచ్చుకుని, గుడ్డు పెట్టబోయే కోడిలా ఇల్లంతా కాలుగాలిన నడక నడిచేవాడు. వియ్యంకుడి కుర్చీ ముందు ఆగి, "బావగారూ, కాస్త..." అనేవాడు. కోడలు తల ఎత్తి చూసేది. "...కాస్త ఎండగా ఉంది కదూ" అని వెళ్ళిపోయేవాడు. మళ్ళీ వచ్చేవాడు. "బావగారూ, కాస్త..." కోడలు చూసేది. "...మబ్బు పట్టినట్టుంది కదూ." ఆ వారంలో ఆయన చెప్పినంత వాతావరణం రేడియోవాళ్ళు కూడా చెప్పి ఉండరు.

ఆ రోజుల్లో పెద్దాయన ఒక పెద్ద పని నెత్తికెత్తుకున్నాడు. ఆరేసిన బట్టలు వానకి తడిసిపోతున్నాయని అత్తగారు సణుగుతుంటే, వాన పసిగట్టే బట్టల తీగ చేసి పెడతానన్నాడు. ఒక రేకుముక్క మీద చినుకు పడగానే, పాత కుట్టుమిషను మోటారు గిర్రున తిరిగి, తీగనీ దాని మీది బట్టలనీ వరండా కప్పు కిందికి లాక్కొచ్చేస్తుందన్నమాట. ముందుగా, ఉన్న తీగ పీకేశాడు. దాంతో ఇంట్లో తలుపుల మీద తువ్వాళ్ళు, కుర్చీల మీద చొక్కాలు, హాలుకి అడ్డంగా దుప్పట్లు వేలాడాయి. తలవంచి నమస్కారం పెడుతూ పోతేగాని వంటింట్లోకి వెళ్ళలేని పరిస్థితి.

ఒక సాయంత్రం కోడలు షాపునుంచి వస్తుంటే లోపలినుంచి పెద్దాయన కేకలు వినిపించాయి. "ఇటొచ్చింది... ఆగండాగండి... దొరికింది... అయ్యో, పోయింది!"

గదిలోకి తొంగి చూసి ఆమె కొయ్యబారిపోయింది. వైరు ఒక కొస తండ్రి చేతిలో ఉంది. అది తూనీగ రెక్కలా అల్లాడుతోంది. దాని వెనకాలే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని పెద్దాయన, తూనీగని పట్టబోయే పిల్లాడిలా నాలిక బయటపెట్టి ఇటూ అటూ వంగుతున్నాడు. కరిగిన సీసం చుక్కలు అతకవలసిన చోట తప్ప బల్లంతా పడ్డాయి.

"మామయ్యగారూ!"

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

"మీకింకెవరూ దొరకలేదా?"

"నువ్వు షాపులో ఉన్నావు, మీ అత్తయ్య అలిగింది, మీ ఆయన నన్ను చూసి గోడ దూకాడు..."

"అయితే కుర్చీకి కట్టుకోండి, కిటికీకి కట్టుకోండి. మా నాన్నని మాత్రం వదిలెయ్యండి. మీకు పుణ్యం ఉంటుంది."

తండ్రి ఆ వైరుని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, చేతులు జేబుల్లో దోపుకుని, తన గదిలోకి వెళ్ళిపోయాడు. తండ్రిని కాపాడుకున్నాననుకుంది కూతురు.

ఆ పూట భోజనాల దగ్గర ఆయన, "ఆదివారం వెళ్ళిపోతానమ్మా" అన్నాడు.

"ఎందుకు నాన్నా? ఇక్కడ నీకేం లోటు?"

"లోటేమీ లేదమ్మా. చెయ్యడానికీ ఏమీ లేదు."

ఇదంతా మామగారి నిర్వాకమేనని ఆమెకి ఒళ్ళు మండిపోయింది. నలుగురిలో చేతులు వణికించి, పరువు తీసి, ఉన్న ఒక్క తండ్రినీ ఇంట్లోంచి తరిమేస్తున్నాడు. ఏదో అనబోయేలోపు పెద్దాయనే అందుకున్నాడు.

"ఆదివారమా? అదెలా కుదురుతుంది బావగారూ? తీగ పని సగంలో ఉంది."

"మీ తీగతో నాకేం పనండీ?"

"పట్టుకున్నారు కదా! పట్టుకున్నవాళ్ళు పని అయ్యేదాకా ఉండాలి. మా ఇంట్లో అది రూలు."

"అలాంటి రూలు ఎప్పుడుంది నాన్నా?" అన్నాడు కొడుకు.

"నువ్వు గోడ దూకి పారిపోయిన రోజునే పెట్టాను" అన్నాడు పెద్దాయన. కోడలి చూపు తగలకుండా కంచంలోకి తల దించుకుని, ఖాళీ కంచాన్నే గబగబా కలిపేశాడు.

మొహమాటానికి ఆ ఆదివారం ఆగాడు తండ్రి. పై ఆదివారమూ ఆగవలసి వచ్చింది. ఎందుకంటే తీగ పని తెమలడంలేదు. పగలు కోడలు షాపులో ఉండగా ఏదో జరిగేది, సాయంత్రం వచ్చేసరికి పెద్దాయన తల బరుక్కుంటూ ఎదురయ్యేవాడు. "పొద్దున్న అతికిందే మళ్ళీ ఊడిందమ్మా. ఏం సీసమో ఏమో, పిండి కలిపి అమ్ముతున్నట్టున్నారు."

"ఆ గుంజలు పీకి, నా తీగ పీకి, నా ప్రాణం పీకి, ఇదా మీరు చేసింది?" అని అత్తగారు తడి దుప్పటి అవతలినుంచి రోజూ దండకం చదివేది. ఏడుపు బొమ్మనీ, చప్పట్ల లైటునీ రెండు పూటల్లో ముగించిన మనిషికి ఈ ఒక్క వైరు అతకడం ఎందుకు చేతకావడంలేదో కోడలికి అంతు చిక్కలేదు. అంతు చిక్కని ఇంకో సంగతి, తండ్రి భోజనం దగ్గర మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒకరోజు మారు వడ్డించుకుంటూ, "మోటారు మంచిదేనమ్మా, అతుకే నిలవడంలేదు" అన్నాడు, తనే కొన్న మోటారులా.

ఒకనాడు కళ్ళద్దాల షాపు యజమానికి కళ్ళకలక వచ్చి, షాపు మధ్యాహ్నమే మూసేశాడు. కోడలు పెరటి వైపునుంచి ఇంటికి వస్తూ, గది కిటికీ దగ్గర టక్కున ఆగిపోయింది.

పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. ఆయన ముందు బల్ల మీద బరువైన ఇనుప దిమ్మ, దానికి రెండు చేతుల్లా రెండు కడ్డీలు, కడ్డీల చివర మొసలి నోళ్ళలాంటి క్లిప్పులు, మధ్యలో భూతద్దం. రెండు వైర్లనీ రెండు మొసళ్ళు కదలకుండా కరిచి పట్టుకున్నాయి. పెద్దాయన సోల్డరింగ్ ఐరన్ అలా ఆనించి ఇలా తీశాడు. ముత్యంలా అతుక్కుంది. స్విచ్చి వేస్తే బయట వరండాలో తీగ మెత్తగా, చప్పుడు లేకుండా అటు వెళ్ళి ఇటు వచ్చింది. ఆయన తనలో తనే, "భేష్" అనుకున్నాడు.

అప్పుడొక పని చేశాడు. స్విచ్చి ఆపి, ఐరన్ కొసని మళ్ళీ ఆ అతుక్కే ఆనించి, సీసం కరిగించి, వైర్లు రెండూ విడదీశాడు. స్టాండుని బల్ల కింద గోనె సంచీలోకి తోశాడు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"బావగారూ! నిద్ర లేచారా? మళ్ళీ ఊడిందండీ! మీరు రాకపోతే పని ఆగిపోయింది. రండి, కాస్త ఇది పట్టుకోండి."

నిద్రపోతున్న మనిషి తలుపు అంత తొందరగా తెరుచుకోదు. తండ్రి చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చాడు. "మళ్ళీనా? నిన్ననే చెప్పాను, ఐరన్ బాగా కాగకుండా పెడుతున్నారని. ఏదీ, ఇటివ్వండి." మోచేతులు బల్లకి ఆనించి, రెండు చేతులతోనూ వైరు పట్టుకున్నాడు. చేతులు వణికాయి. పెద్దాయన వెంటపడ్డాడు. సీసం బల్ల మీద పడింది.

"కదిలానా?" అన్నాడు తండ్రి.

"మీరు కాదండీ, నేనే కదిలాను. ఇంతకీ ఆ మిఠాయి కొట్టు బోర్డు సంగతి సగంలో ఆపారు. తర్వాతేమైంది?"

"ఏముంది, 'తాజా' అని రాయమంటే, నిద్రమత్తులో 'తాతా' అని రాసి వచ్చేశాను. మర్నాడు కొట్టువాడి తాత కర్ర పుచ్చుకుని మా ఇంటికొచ్చాడు..."

ఇద్దరు ముసలాళ్ళూ కిసకిస నవ్వారు. వైరూ నవ్వింది, ఐరనూ నవ్వింది. కిటికీ బయట కోడలు చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగి, వంటింటి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది.

"అత్తయ్యా" అంది గుసగుసగా, "మామయ్యగారి దగ్గర స్టాండు ఉంది!"

"ఇప్పుడా చూశావు?" అంది అత్తగారు, తువ్వాలు పిండుతూ. "ఒకటి కాదు, మూడున్నాయి."

"మరి ఇన్నాళ్ళూ మా అందరిచేతా ఎందుకు పట్టిస్తున్నట్టు?"

అత్తగారు వంటింటి తలుపు దగ్గరగా వేసింది. "మా తమ్ముడు ఒకసారి ఉద్యోగం పోగొట్టుకుని వచ్చి గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. అన్నం లేదు, మాట లేదు. మీ మామగారికి ఓదార్చడం చేతకాదు. చచ్చిపోయినవాళ్ళ ఇంటికి పలకరింపుకి వెళ్ళి, 'మీ ఫ్యాను చప్పుడు చేస్తోంది, నూనె వెయ్యండి' అని వచ్చిన మనిషి. ఏం చెయ్యాలో తోచక వాడి చేతిలో ఒక వైరు పెట్టారు. చేతులు పనిలో ఉండేసరికి వాడి నోరు దానంతటదే తెరుచుకుంది. అప్పటినుంచీ ఆయనకి తెలిసిన ఓదార్పు అదొక్కటే."

"మరి నేను కాపురానికి వచ్చిన రోజున?"

"నీ మొహంలో నెత్తురు చుక్క లేదు ఆ రోజు. బల్ల కిందకి దూరాకే నవ్వావు."

"పార్సిల్ అతను?"

"ఇంట్లో ఏదో గొడవపడి వచ్చాడట. మోటారు పట్టుకుని అంతా చెప్పుకున్నాడు."

కోడలు ఇంకో సందేహం అడిగింది. "డాక్టరుగారు?"

"అది మాత్రం నిజంగా వైరు పట్టుకోవడానికే" అంది అత్తగారు. "అలవాటు ముదిరితే అంతే."

"మీరు తెలిసి తెలిసీ తీగ గురించి రోజూ అంత రాద్ధాంతం చేస్తున్నారేంటి మరి?"

"చెయ్యకపోతే మీ నాన్నకి అనుమానం రాదూ?" అని, అత్తగారు గుమ్మంలోకి వెళ్ళి గొంతెత్తింది. "ఇవాళైనా అవుతుందా, నన్నీ తడిగుడ్డల మధ్యే తగలెయ్యమంటారా?"

ఆ సాయంత్రం కూతురు తండ్రి పక్కన కూర్చుంది. ఆమె నోరు తెరవకముందే ఆయన అన్నాడు.

"మీ మామగారు మంచివాడేనమ్మా, పాపం అతకడమే సరిగ్గా రాదు. చేతికి బొత్తిగా నిలకడ లేదు. పొద్దున్న అతికింది మధ్యాహ్నానికల్లా ఊడిపోతుంది. నేను వెళ్ళిపోతే ఆయన గతేంటి? ఇంకొన్నాళ్ళు ఉంటానులే."

జీవితమంతా అక్షరానికీ అక్షరానికీ మధ్య దూరం కంటితోనే కొలిచిన మనిషి. ఒక అతుకు ఊడిందో, ఎవరైనా ఊడదీశారో ఆ కళ్ళకి తెలీదా? కూతురు ఆయన మొహంలోకి చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఎంత చూసినా ఆమెకి ఏమీ దొరకలేదు.

ఇంతా చేస్తే, ఈ రహస్యం చెప్పవలసిన ఒక మనిషికి చెప్పడం అందరూ మర్చిపోయారు. ఒక సెలవునాడు కొడుకు నిద్ర లేచి వస్తుంటే తడి దుప్పటి చప్పున మొహానికి తగిలింది. విసుగెత్తి, నేరుగా గదిలోకి పోయి, గోనె సంచీలో స్టాండు కనబడితే దానికి వైర్లు తగిలించి, టీ చల్లారేలోపు అతికేసి వచ్చాడు.

"అయిపోయింది!" అని వరండాలో నిలబడి అరిచాడు. "నెల రోజులనుంచీ ఇద్దరు కూర్చుని చేస్తున్నది ఇదేనా? చూడండి, ఎలా తిరుగుతోందో!"

తీగ చక్కగా తిరుగుతోంది. ఒక్కరి మొహంలోనూ కళ లేదు. పెద్దాయన బల్ల విరిగినట్టు చూశాడు. కోడలు మొగుణ్ణి చూసిన చూపుకి పాలు విరిగిపోతాయి.

"నిన్నెవడు పట్టుకోమన్నాడురా!" అంది అత్తగారు.

"అంటే... బాగైంది కదమ్మా?" అన్నాడు కొడుకు, తప్పేంటో తెలీక.

"బాగైంది" అన్నాడు కోడలి తండ్రి మెల్లిగా. "బాగుంది. ఇక నాకు సెలవిప్పించండి బావగారూ." చేతులు రెండూ జేబుల్లోకి పోయాయి.

సరే, అయిందేదో అయింది, మొదటిసారి బట్టలు ఆరేద్దామన్నారు. అత్తగారు అప్పుడే ఉతికిన దుప్పట్లూ, కొడుకు ప్యాంట్లూ వరుసగా తీగ మీద వేసి క్లిప్పులు పెట్టింది. పెద్దాయన ఉత్సాహం లేకుండా స్విచ్చి నొక్కాడు. బట్టలన్నీ ఊరేగింపులా వరండాలోంచి ఎండలోకి వెళ్ళాయి. ఎదురింటి అన్నదమ్ములు గోడ మీదనుంచి చప్పట్లు కొట్టారు. ఇంట్లో లైటు వెలిగింది.

దుప్పటి కొసనుంచి ఒక నీటిచుక్క జారి, సరిగ్గా తీగ కిందే పెట్టిన రేకుముక్క మీద టప్‌మని పడింది.

మోటారు గిర్రుమంది. బట్టలన్నీ తోక తొక్కినట్టు వరండాలోకి పరిగెత్తుకొచ్చాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. పెద్దాయన మళ్ళీ నొక్కాడు. బట్టలు మళ్ళీ వెళ్ళాయి. మళ్ళీ టప్. మళ్ళీ పరుగు. ఈసారి ఒక ప్యాంటు వరండా స్తంభాన్ని కావలించుకుని ఉండిపోయింది.

ముందు నవ్వింది తండ్రి. పొట్ట పట్టుకుని నవ్వాడు. పట్టుకోవడానికి చేతులు జేబుల్లోంచి బయటికి రావలసి వచ్చింది. ఆయన అలా నవ్వడం చూసి ఎంత కాలమైందో కూతురు గుర్తు చేసుకోబోయి, తనూ నవ్వేసింది.

"పాడైంది బావగారూ!" అని పెద్దాయన, కొడుకు పుట్టాడని చెప్పినట్టు కేక వేశాడు. "మొత్తం పాడైంది! మొదటినుంచీ మొదలుపెట్టాలి!"

"పాడవడం కాదండీ" అన్నాడు తండ్రి, కళ్ళు తుడుచుకుంటూ. "దానికి వాన నీళ్ళకీ, ఉతికిన నీళ్ళకీ తేడా తెలీడంలేదు. నేర్పాలి."

"ఆ రేకు ముక్క తీసి పక్కన పెడితే సరిపోదా?" అన్నాడు కొడుకు.

అందరూ ఒక్కసారి అతని వైపు తిరిగారు. అతను ప్యాంటుని స్తంభంనుంచి విడిపించే పనిలో పడ్డాడు.

"నేర్పడానికి ఎన్నాళ్ళు పడుతుంది మామయ్యగారూ?" అంది కోడలు, అమాయకంగా.

వియ్యంకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "చెప్పలేమమ్మా" అన్నారు ఒక్క గొంతుతో.

తండ్రి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి రెండు చేతులనిండా బట్టలు పొదువుకుని వచ్చాడు. ప్రయాణానికని మడత పెట్టుకున్న చొక్కాలు. చేతుల వణుకుకి మడతలన్నీ జారుతున్నాయి, ఒక చొక్కా పొడుగు చెయ్యి నేల మీద ఈడ్చుకుపోతోంది. కూతురి చేతులు అలవాటుగా ముందుకు లేచాయి. ఆమె వాటిని వెనక్కి తీసుకుని, వీపు వెనక గట్టిగా కట్టుకుని నిలబడింది.

"అవి ఉతికినవే కదా అన్నయ్యగారూ?" అంది అత్తగారు.

"అయితే ఏం చెల్లెమ్మగారూ, తడిపెయ్యండి. పరీక్షకి తడి బట్టలు ఎన్నుంటే అంత మంచిది" అని, ఆయన ఆ చొక్కాలన్నీ తెచ్చి బకెట్లో ధబ్బున పడేశాడు. నీళ్ళు ఎగిరి నలుగురి మీదా పడ్డాయి, రేకు మీదా పడ్డాయి. మోటారు గిర్రుమని, కొడుకు అప్పుడే విడిపించిన ప్యాంటుని మళ్ళీ లాక్కుపోయింది.